ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీ: ఏం పట్టుకుని చదవాలి, చేరే ముందు ఏం అడగాలి

ప్రశ్న: మాది దర్శి. ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో సీటు రాలేదు, లాంగ్ టర్మ్‌కి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఒక యూనివర్సిటీలో నాలుగేళ్ల ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ డిగ్రీలో సీటు వచ్చింది. నాన్న "అన్నీ కాస్త కాస్త చదివితే ఏదీ రాదు, ఉద్యోగం ఎవరిస్తారు" అంటున్నారు. నాకు మాత్రం చేరాలని ఉంది. ఈ చదువు ఎలా ఉంటుంది? ఎలా చదివితే పనికొస్తుంది? తర్వాత దారేమిటి?

సమాధానం:

అమ్మా, మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. దాన్ని పక్కన పెట్టి నీకు నచ్చిన మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒంగోలు, నెల్లూరు డిగ్రీ కాలేజీల్లో చాలాకాలం కెమిస్ట్రీ చెప్పాను. ఆ తర్వాత ఇలాంటి నాలుగేళ్ల ప్రోగ్రాంలో విద్యార్థులకు అడ్వైజర్‌గా పనిచేశాను. ఈ డిగ్రీ చేసి బాగా నిలదొక్కుకున్న పిల్లల్ని చూశాను. నాలుగేళ్లు చదివి, ఇంటర్వ్యూలో "ఏం చదివావమ్మా" అని అడిగితే పేపర్ల పేర్లు తప్ప ఏమీ చెప్పలేకపోయిన పిల్లల్నీ చూశాను. ఈ రెండు రకాల వాళ్లకీ మార్కుల్లో పెద్ద తేడా లేదు. మొదటివాళ్ల దగ్గర ఒక ప్రశ్న ఉంది, దాన్ని పట్టుకోవడానికి గట్టిగా వచ్చిన ఒక సబ్జెక్టు ఉంది. రెండోవాళ్లు ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్ తేలిగ్గా కనిపించిన పేపర్లు ఏరుకుంటూ పోయారు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నీది దర్శి కాబట్టి మీ వైపు ఉన్న సమస్యతోనే చెప్తాను. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడక ముందు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బును, మొట్టమొదట వైద్య పత్రికల్లో రికార్డు చేసింది ఆ నెల్లూరు జిల్లాలోనే, 1937లో. అంటే మీ అమ్మమ్మ పుట్టకముందే డాక్టర్లు ఈ జబ్బును గుర్తించి రాసిపెట్టారు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పడమటి ఊళ్లలో గార పళ్లు ఉన్నవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు, నడుము వంగిపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. కారణం తెలిసిన జబ్బు ఇంతకాలం ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న ఏ ఒక్క సబ్జెక్టుకూ పూర్తిగా చిక్కదు.

జియాలజీ వాళ్లను అడిగితే అక్కడి రాయి గురించి చెప్తారు. గ్రానైట్, నైస్ (gneiss) అనే రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలవుంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. కెమిస్ట్రీ వాళ్లం ఇంకో మాట చేరుస్తాం. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కొంత అడుగుకి చేరుతుంది. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్, సోడియం ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. అందుకే ఒకే ఊళ్లో రెండు బోర్లలో రెండు రకాల నీళ్లు పడతాయి. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. డాక్టర్లు పళ్లూ ఎముకలూ చూస్తారు. ఎకనామిక్స్ వాళ్లు 20 లీటర్ల క్యాన్ కొనే స్తోమత ఎవరికుందో చూస్తారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు పథకం మంజూరై, ట్యాంకు కట్టాక, మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలన్న ఫైలు ఎక్కడ ఆగిందో చూస్తారు.

ఇలా ఐదుగురు ఐదు చాప్టర్లు రాసి ఒక బైండింగ్ చేస్తే అది ఇంటర్‌డిసిప్లినరీ చదువు అయిపోదు. చాలా యూనివర్సిటీల్లో ఇంతవరకే జరుగుతుంది. అసలు పని ఒక సబ్జెక్టు చెప్పిన విషయం ఇంకో సబ్జెక్టు అడిగే ప్రశ్నను మార్చేసిన చోట మొదలవుతుంది.

మా విద్యార్థులు కనిగిరి వైపు ఒక ఊళ్లో చేసిన ప్రాజెక్టు చెప్తాను. సైన్స్ నుంచి వచ్చిన పిల్లలు నీళ్ల శాంపిళ్లు తీసుకున్నారు. ఫ్లోరైడ్‌కి గాజు సీసాలు వాడకూడదు, ప్లాస్టిక్ సీసాలు కావాలి. ప్రతి సీసా మీద బోరు లోతు, ఏ ఏడాది వేశారు, ఎన్ని ఇళ్లవాళ్లు వాడతారు అని రాయించాను. సోషియాలజీ తీసుకున్న పిల్లలు ఇళ్లకు వెళ్లి ప్రశ్నపత్రం నింపారు. "తాగడానికి ఏ నీళ్లు వాడతారు?" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ "క్యాన్ నీళ్లండీ" అన్నారు. కాగితం మీద చూస్తే సమస్య తీరిపోయినట్టే. ఒకమ్మాయి మాత్రం ఒక ఇంట్లో పొద్దున పూట వంట అయ్యేదాకా కూర్చుంది. బియ్యం కడిగింది బోరు నీళ్లతో, ఎసరు పెట్టింది బోరు నీళ్లతో, పప్పు ఉడికించింది, టీ కాచింది ఆ నీళ్లతోనే. క్యాన్ నీళ్లు చెంబులో తాగడానికి మాత్రమే. "క్యాన్ నీళ్లు వంటకు పోస్తే నెలకు ఎంతవుద్దమ్మా?" అని ఆ ఇంటావిడే ఎదురు అడిగింది.

ఆ ఒక్క మాటతో ప్రాజెక్టు మారిపోయింది. వేడి చేస్తే ఫ్లోరైడ్ పోదు. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్లను పీల్చుకుంటాయి. దాంతో మా కెమిస్ట్రీ పిల్లలు నీళ్లు కొలవడంతో ఆగకుండా, వండిన అన్నం ద్వారా ఎంత లోపలికి వెళ్తుందో లెక్కగట్టాల్సి వచ్చింది. సర్వే పిల్లలు ప్రశ్నపత్రం తిరగరాశారు. తాగేనీళ్లు, వంటనీళ్లు, టీ నీళ్లు, పసిపిల్లల పాలల్లో కలిపే నీళ్లు అని విడగొట్టారు. ఎకనామిక్స్ పిల్లలు ఆర్వో ప్లాంటు పెట్టడానికి ఎంతవుతుందన్న లెక్క వదిలేసి, ఒక ఇంటికి వంటతో కలిపి రోజుకు ఎన్ని లీటర్ల మంచినీళ్లు కావాలి, అది ఏ ధరకు అందితే కొంటారు అన్న లెక్కలోకి దిగారు.

ఇంకో సంగతి కూడా ఆ ఊళ్లోనే తేలింది. పళ్ల మీద గార, పళ్లు ఏర్పడే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లకు గుర్తు. ఇరవై ఏళ్ల కుర్రాడి పళ్లు చూసి ఇవాళ్టి కుళాయి నీళ్లు మంచివా కావా అని తీర్పు చెప్పడం కుదరదు. వాడి చిన్నప్పుడు ఆ వీధిలో ఏ బోరు ఉండేదో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ డాక్టరు పనికి హిస్టరీ చదివినవాడి ఓపిక కావాలి. ఇంత చిన్న విషయం అర్థం కాక, పిల్లల పళ్ల సర్వేలు చేసి కొత్త పథకం పనిచేయలేదని రాసేసేవాళ్లు ఉంటారు.

నేను ఈ డిగ్రీని సమర్థించేది ఇందుకే. మన జిల్లాల సమస్యలు చాలావరకు ఇలాంటివే. కావలి, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూడు. వనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక ఆ తీరమంతా మారిపోయింది. గుంటలో వచ్చే జబ్బు మైక్రోబయాలజీ, పక్క వరి చేలోకి ఊరే ఉప్పు సాయిల్ సైన్స్, మేతకు అప్పిచ్చి పంటను తనకే అమ్మమనే వ్యాపారి లెక్క ఎకనామిక్స్, చెరువుకు అనుమతి ఉందా లేదా అన్నది 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. రైతు బుర్రలో ఇవన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి. యూనివర్సిటీలో మాత్రం నాలుగు బిల్డింగుల్లో ఉంటాయి. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం కూడా అంతే. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథలో అక్షరదీపం చదువుల కేంద్రాలున్నాయి, కూలి డబ్బులున్నాయి, ప్రభుత్వానికి ఎక్సైజ్ మీద వచ్చే ఆదాయం ఉంది. వయోజన విద్య పేపర్ ఒక్కటి చదివో, పొలిటికల్ సైన్స్ పేపర్ ఒక్కటి చదివో అది పూర్తిగా అర్థం కాదు.

ఇక చదువు ఎలా ఉంటుందో చెప్తాను. యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన క్రెడిట్ విధానంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. సెమిస్టర్‌కి సుమారు 20 అన్నమాట. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల క్లాసు, ల్యాబ్ లేదా ఫీల్డ్ పని అయితే 30 గంటలు. మామూలు డిగ్రీలో మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, మూడేళ్లలో కనీసం 60 క్రెడిట్లు, నాలుగేళ్లయితే 80. మైనర్‌కి, అంటే తోడుగా తీసుకునే రెండో సబ్జెక్టుకి, 24, నాలుగేళ్లయితే 32. ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీలో ఆ మేజర్ క్రెడిట్లు రెండు మూడు సబ్జెక్టుల మధ్య పంచుతారు. మీ నాన్నగారు భయపడేది సరిగ్గా ఇక్కడే. ఆ పంపకం అడ్డదిడ్డంగా ఉంటే చివరికి ఏ సబ్జెక్టులోనూ ఎంఎస్సీకో ఎంఏకో సరిపడా చదువు మిగలదు.

అందుకని చేరేముందే ఒక మూల సబ్జెక్టు ఎంచుకో. నీది బైపీసీ కాబట్టి కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, పబ్లిక్ హెల్త్‌లలో ఏదైనా నీకు కుదురుతుంది. నా సలహా అడిగితే, నీళ్లూ ఆరోగ్యం వైపు మనసుంటే కెమిస్ట్రీ పట్టుకో. పేరు బరువుగా ఉందని వదలకు. తర్వాత ఏ దారిలో వెళ్లినా కొలవడం వచ్చిన మనిషికి విలువ ఉంటుంది. దానికి జతగా సోషియాలజీ గానీ ఎకనామిక్స్ గానీ ఒకటి. ఈ రెండింటిలోనూ మొదటి ఏడాది పేపర్‌తో ఆగకుండా, పై సెమిస్టర్ల పేపర్లు కూడా తీసుకో. "ఇంట్రడక్షన్ టు" అని మొదలయ్యే పేపర్లు పది చదివినా మీ నాన్నగారు అన్నట్టే అవుతుంది.

స్టాటిస్టిక్స్ తప్పించుకోవద్దు. లెక్కలంటే టెన్షన్ పడి ఇటువైపు వచ్చే బైపీసీ పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లకు ఈ మాట చేదుగా ఉంటుంది. కానీ శాంపిల్ ఎలా తీయాలి, సగటు ఎప్పుడు మోసం చేస్తుంది, రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమా అన్నవి రాకపోతే నీ ప్రాజెక్టులో నువ్వు రాసిన ముగింపును నువ్వే సమర్థించుకోలేవు. దానితోపాటు మ్యాపులు గీయడం నేర్చుకో. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఊళ్లో బోర్లన్నీ ఫోన్‌తో లొకేషన్ తీసుకుని మ్యాపు మీద ఫ్లోరైడ్ విలువలతో పెట్టావంటే, పంచాయతీ ఆఫీసులో కూడా నీ మాట వింటారు. వీటిల్లో ఏదైనా మీ యూనివర్సిటీలో సరిగ్గా చెప్పకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ 'స్వయం'లో కోర్సు తీసుకో. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. అయితే ఆ కోర్సును మీ యూనివర్సిటీ ముందుగా ఒప్పుకోవాలి. పరీక్ష రాశాక అడిగితే లాభం లేదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ చేరిన వారంలోనే చేయించుకో. మధ్యలో కాలేజీ మారాల్సి వస్తే అందులో జమైన క్రెడిట్లే నీకు ఆధారం.

నిన్ను నిజంగా కష్టపెట్టేది రాయడం. ఇంటర్‌లో మనం బిట్లు పెట్టి గెలిచాం. ఇక్కడ పదిహేను పేజీల వ్యాసం చదివి, అందులో రచయిత ఏం నిరూపించాడు, ఏం నిరూపించకుండా వదిలేశాడు అని రెండు పేజీలు సొంతంగా రాయమంటారు. మొదటి సెమిస్టర్‌లో మన జిల్లాల పిల్లలు ఇక్కడే డీలా పడతారు. ఇంగ్లీషు రాకపోవడం కొంత కారణం. అంతకన్నా పెద్ద కారణం, సొంత అభిప్రాయానికి ఆధారం చూపించే అలవాటు ఎవరూ నేర్పకపోవడం. దీనికి నేను పిల్లలతో చేయించిన పద్ధతి ఒకటుంది. చదివిన ప్రతి వ్యాసానికీ ముందు తెలుగులో అర పేజీ రాయాలి: వీళ్ల ప్రశ్న ఏమిటి, ఏ ఆధారం చూపించారు, నాకు ఎక్కడ అనుమానం వచ్చింది. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయాలి. అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో పెద్ద మాటలతో కప్పేయడానికి అప్పుడు వీలుండదు. ఫీల్డ్ నోట్సు కూడా అంతే, జనం అన్న మాట అన్నట్టే తెలుగులో రాసుకో. ఇందాక ఆ ఇంటావిడ అడిగిన ప్రశ్నను "వంటకు శుద్ధి చేసిన నీటి వాడకం పరిమితం" అని నోట్సులో రాసుకుని ఉంటే, అందులో ఉన్న లెక్క ఎవరికీ కనిపించేది కాదు.

రెండో ఏడాది చివరికల్లా నీ ప్రశ్న ఒక వాక్యంలో చెప్పగలగాలి. "నీటి సమస్యలు" అన్నది ప్రశ్న కాదు. "మా మండలంలో ఆర్వో ప్లాంటు ఉన్న ఊళ్లలో కూడా వంటకు బోరు నీళ్లు ఎందుకు వాడుతున్నారు" అన్నది ప్రశ్న. మొదట్లో ప్రశ్న మారుతూ ఉంటుంది, మారనివ్వు. కానీ మూడో ఏడాదిలో తీసుకునే ప్రతి పేపర్‌నీ "ఇది నా ప్రశ్నకు ఏం ఇస్తుంది" అని అడిగి తీసుకో. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వస్తే నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేయవచ్చు, అందులో 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటుంది. ఈ డిగ్రీకి ప్రాణం ఆ ప్రాజెక్టే. దానికి ఇద్దరు గైడ్లను అడుగు, నీ మూల సబ్జెక్టు నుంచి ఒకరు, జత సబ్జెక్టు నుంచి ఒకరు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని నీ పని చూసేలా పట్టుబట్టు. విడివిడిగా చూస్తే ఒకరు తీసేయమన్నది ఇంకొకరు పెట్టమంటారు, మధ్యలో నువ్వు నలిగిపోతావు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. ఇక్కడ మెత్తగా చెప్పి ప్రయోజనం లేదు.

ఏదైనా డిగ్రీ చాలు అనే పరీక్షలకు ఈ డిగ్రీ పూర్తిగా చెల్లుతుంది, యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంటే చాలు. సివిల్స్, బ్యాంకు పీవో, గ్రూప్స్‌లో ఎక్కువ పోస్టులు, ఐసెట్ లేదా క్యాట్ ద్వారా ఎంబీఏ, లాసెట్ ద్వారా మూడేళ్ల లా, అన్నీ ఇందులోకి వస్తాయి. కానీ సబ్జెక్టు పేరు రాసి అడిగే చోట జాగ్రత్త. టీచర్ కావాలన్న ఆలోచన నీకు కొంచెం ఉన్నా బీఈడీలో మెథడాలజీ, డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు రెండూ డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టే ఇస్తారని గుర్తుపెట్టుకో. మార్కుల మెమోలో కెమిస్ట్రీ తగినంత కనబడకపోతే నువ్వెంత బాగా చెప్పగలిగినా అక్కడ ఆపేస్తారు. జూనియర్ లెక్చరర్‌కి ఆ సబ్జెక్టులోనే పీజీ కావాలి, ఆ పీజీలో చేరడానికి మళ్లీ డిగ్రీలో ఆ సబ్జెక్టు అడుగుతారు. ల్యాబ్ అనలిస్టు లాంటి పోస్టులూ అంతే. మూల సబ్జెక్టు అని నేను మొదట్నుంచీ పోరుతున్నది ఇందుకే. నీకు నచ్చిన రెండు పీజీ కోర్సుల అర్హత నిబంధనలు ఇప్పుడే ప్రింటు తీసి గోడకు అంటించు, పేపర్లు ఎంచుకునే ప్రతిసారీ వాటితో సరిచూసుకో.

ఈ చదువుకు బాగా కలిసొచ్చే పీజీ దారులు కూడా ఉన్నాయి. పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీల్లో డెవలప్‌మెంట్ వైపు కోర్సులున్నాయి. గుజరాత్ ఆనంద్‌లోని ఇర్మాలో రూరల్ మేనేజ్‌మెంట్‌కి ఏ డిగ్రీ అయినా సరే. ఇలాంటి చోట్ల ఇంటర్వ్యూలో డిగ్రీ పేరు కంటే నువ్వు చేసిన పని గురించే ఎక్కువ అడుగుతారు. నీ శాంపిల్ సీసాల లెక్క, నీ మ్యాపు, తిరగరాసిన ప్రశ్నపత్రం ఒక ఫైల్‌లో పెట్టుకుని వెళ్తే అరగంట నువ్వే మాట్లాడతావు. విదేశాల్లో మాస్టర్స్ అనుకుంటే నాలుగేళ్ల డిగ్రీ కావడం కలిసొచ్చే విషయం. అమెరికా యూనివర్సిటీలకు ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీలు కొత్త కాదు, అక్కడ చాలాకాలంగా ఉన్నాయి.

ఫీజు గురించి నువ్వు రాయలేదు, కానీ మీ నాన్నగారి మనసులో అది తప్పకుండా ఉంటుంది. ఈ తరహా చదువు మనకు దగ్గర్లోనే, శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ క్లస్టర్ ఇన్నోవేషన్ సెంటర్‌లో ఉంది. ఇగ్నోలో మల్టీడిసిప్లినరీ బీఏ ఉంది, దాని ఖర్చు చాలా తక్కువ, అయితే ఫీల్డ్ పనీ ల్యాబూ నువ్వే సమకూర్చుకోవాలి. పొలం తాకట్టు పెట్టి కట్టాల్సినంత ఫీజైతే మాత్రం నేను ఒప్పుకోను. మొదటి జీతం తేవడానికి పీజీ దాకా ఆగాల్సి వచ్చే దారి ఇది, నెత్తిన అప్పుంటే పీజీకి వెళ్లలేవు.

అలాంటప్పుడు మన డిగ్రీ కాలేజీలోనే ఇదే చదువును చాలావరకు కట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల కాంబినేషన్ల స్థానంలో మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది. ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. కెమిస్ట్రీ మేజర్‌కి ఎకనామిక్సో సోషియాలజీయో మైనర్ దొరికే కాలేజీ చూసుకో. కాగితం మీద ఉన్న మైనర్ నిజంగా క్లాసులో నడుస్తుందా అని సీనియర్లను అడుగు. నెల్లూరు డీకే మహిళా కాలేజీ, వీఆర్ కాలేజీ, ఒంగోలు కాలేజీలు అన్నీ అడిగి చూడు. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి మరీ ఆప్షన్లు పెట్టు. డిగ్రీలో పెట్టిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చాలామంది పాత రికార్డు చూసి రాసేసి సంతకం పెట్టించుకుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ తిరగడానికి కాలేజీయే అనుమతి ఇచ్చి, క్రెడిట్లు కూడా ఇస్తుంటే అంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? దాన్ని సరిగ్గా వాడుకుని, స్టాటిస్టిక్స్, మ్యాపుల కోర్సులు స్వయంలో చేసుకుంటే నీకు సీటిచ్చిన యూనివర్సిటీకి నువ్వు పెద్దగా తీసిపోవు. అక్కడ అదనంగా దొరికేది నీతో వాదించే తోటి విద్యార్థులు, చదివి సరిదిద్దే టీచర్లు. అది నిజంగా ఉంటే దానికి డబ్బు పెట్టొచ్చు. ఉందో లేదో తెలుసుకోకుండా మాత్రం పెట్టొద్దు.

దానికి ఫోన్ చేసి కొన్ని విషయాలు సూటిగా అడుగు. డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏం ప్రింటవుతుంది, బీఏనా, బీఎస్సీనా, పక్కన మేజర్ పేరు వస్తుందా? మార్కుల మెమోలో కెమిస్ట్రీ పేపర్లు కెమిస్ట్రీ పేరుతోనే ఉంటాయా, లేక "మాడ్యూల్ త్రీ" లాంటి పేర్లతో ఉంటాయా? కెమిస్ట్రీకి ల్యాబ్ ఉందా, సొంత ఫ్యాకల్టీ ఎంతమంది, గెస్టులు ఎంతమంది? ఒక్కో విద్యార్థికి అడ్వైజర్ ఉంటారా? కిందటి బ్యాచ్ ఫైనల్ ప్రాజెక్టులు రెండు చదవడానికి ఇస్తారా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడుగు. నాలుగేళ్ల తర్వాత అక్కడి పిల్లలు ఏం చేయగలుగుతున్నారో బ్రోచర్ చెప్పదు, ఆ ప్రాజెక్టు రిపోర్టు చెప్తుంది. ఇవ్వడానికి వెనకాడితే నేనైతే ఆలోచనలో పడతాను. పాస్ అయిన పిల్లలు ఇద్దరి నంబర్లు తీసుకుని, మీ నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో మాట్లాడు.

నీట్ పోయిందన్న బాధలో, ఎక్కడో ఒకచోట చేరిపోదామని మాత్రం ఈ సీటు తీసుకోకు. సిలబస్ తెరిచి చూస్తే ఒక్క పేపరైనా సెలవుల్లో కూడా చదవాలనిపించిందా, మీ ఊళ్లో ఏ విషయమైనా "ఇది ఇలా ఎందుకుంది" అని నిన్ను వదలకుండా పట్టుకుందా, చూసుకో. రెండిట్లో ఒకటి ఉన్నా నువ్వు ఈ చదువుకు సరిపోతావు. రెండూ లేకపోతే మామూలు బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్ నీకు మేలు, అందులో తక్కువేమీ లేదు.

మీ నాన్నగారికి చూపించడానికి ఒక కాగితం తయారు చేయి. ఒకవైపు ఎనిమిది సెమిస్టర్లలో నువ్వు తీసుకోబోయే కెమిస్ట్రీ పేపర్లు, వాటి క్రెడిట్లు రాయి. రెండోవైపు వాటితో అర్హత వచ్చే పీజీలు, పరీక్షలు రాయి. ఆ కాగితం నిండితే ఆయన భయం చాలావరకు తీరుతుంది. నిండకపోతే ఆయన చెప్పిందే నిజమని నీకూ తెలుస్తుంది. యూనివర్సిటీ వాళ్లు పూర్తి సిలబస్ పంపితే ఇక్కడ పెట్టు, ఏ సెమిస్టర్‌లో ఏది తీసుకుంటే కెమిస్ట్రీ చెడకుండా ఉంటుందో వరసగా చూసి రాస్తాను.